సృష్టికర్త డ్రాగనైతే

ప్రాచీన జాతుల పురాగాథల్లో మహాసర్పం చాలాచోట్ల సృష్టికి అడ్డుపడే శక్తిగానే కనిపిస్తుంది. బాబిలోనియా సృష్టికావ్యమైన ఎనూమా ఎలిష్‌లో మర్దూక్ ఆదిసముద్ర స్వరూపిణియైన తియామత్‌ను వధించి, ఆమె దేహాన్ని రెండుగా చీల్చి, ఒక సగాన్ని ఆకాశంగా పరుస్తాడు. ఋగ్వేదంలో జలాలను నిర్బంధించిన వృత్రుణ్ణి ఇంద్రుడు సంహరించిన తర్వాతనే నదులు పారతాయి. చైనా సంప్రదాయం మాత్రం వేరు దారి పట్టింది. అక్కడి షాన్ హై జింగ్ అనే ప్రాచీన భూగోళ గ్రంథం వర్ణించిన ఝూలోంగ్, అనగా దివిటీ డ్రాగన్, కన్ను తెరిస్తే పగలు, మూస్తే రాత్రి.

రచయితలు తమ కల్పిత లోకాలకు పురాణాలను కూడా కల్పించుకునే ఫాంటసీ సాహిత్యం ఇరవయ్యో శతాబ్దంలో ఈ రెండు వారసత్వాలనూ అందుకున్నది. 1974లో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ క్రీడ క్రమంగా తియామత్‌ను ఐదు తలల దుష్ట డ్రాగన్ల రాణిగా మార్చింది. అరబ్బు విశ్వవర్ణనల్లో భూభారాన్ని మోసే మహామత్స్యమైన బహమూత్‌ను ఏ మొహమాటమూ లేకుండా ఉత్తమ డ్రాగన్ల దేవుణ్ణి చేసింది. డ్రాగన్ జాతికి మూలపురుషుడుగా అయో అనే దేవుణ్ణీ కల్పించింది. అయితే క్రీడ కోసం రాసిన పురాణం గనుక, ఆ గ్రంథాలు దేవతల ప్రాణబలాన్ని సైతం అంకెల్లో కట్టి చూపాయి. బలమెంతో లెక్క తెలిసిన దైవం పట్ల ఆటగాడికి వ్యూహం పుడుతుంది గాని విస్మయం పుట్టదు.

ఈ విషయంలో అమెరికా రచయిత్రి ఉర్సులా కె. లె గ్విన్ (1929–2018) ఎర్త్‌సీ గాథలు లోతైన పరిశీలనకు తగినవి. ద్వీపాలతో నిండిన ఈ లోకంలో సెగోయ్ అనే ఆదిశక్తి కాలారంభంలో దీవులకు పేర్లు పెట్టి పిలవగా అవి సముద్రం నుంచి పైకి లేచాయని నమ్మకం. ఆ పిలుపు ఏ భాషలో సాగిందో, ఆ సృష్టిభాషే డ్రాగన్లకు మాతృభాష. మంత్రవేత్తలు దాన్ని ఏళ్ల తరబడి కష్టపడి నేర్వాలి. పైగా ఆ భాషలో మనిషి అబద్ధమాడలేడు, డ్రాగన్ ఆడగలదు. 1968లో వచ్చిన తొలి నవల ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీలోనే ఈ సూచనలన్నీ ఉన్నా, సెగోయ్‌కూ డ్రాగన్లకూ గల బంధాన్ని రచయిత్రి తేల్చలేదు. ఇరవై రెండేళ్ల తర్వాత, 1990 నాటి తెహాను నవల చివర, మంటల్లో కాలి వికృతమైన ఒక బాలిక తన పిలుపు విని వచ్చిన వృద్ధ డ్రాగన్ కలెస్సిన్‌ను సెగోయ్ అని సంబోధిస్తుంది. ఎర్త్‌సీ పండితులెవరికీ అందని సంగతి అంతవరకూ లోకం చీదరించుకున్న పిల్ల నోట సంబోధనగా మాత్రమే వెలువడటం, దానికి కథకురాలి వ్యాఖ్యానం ఏదీ తోడు కాకపోవడం ఈ ఘట్టానికి అసాధారణమైన బలాన్ని ఇచ్చాయి.

అదే నవలలో ఒక నేతగాడి ఇంట ఉన్న చిత్రించిన విసనకర్ర ప్రస్తావన వస్తుంది. దాని ఒక వైపు మనుషులు, మరో వైపు డ్రాగన్లు. వెలుతురుకు ఎత్తిపడితే రెండు బొమ్మలూ ఒకటై, మనుషులకు రెక్కలు మొలిచినట్టు కనిపిస్తాయి. మనుషులూ డ్రాగన్లూ ఒకప్పుడు ఒకే జాతి అన్న జానపద విశ్వాసానికి ఇది దృశ్యరూపం. లె గ్విన్ తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ కాలిఫోర్నియా ఆదిమ తెగల సంస్కృతులను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త. ఒకే గాథ ఊరికొక రూపంలో, మనిషికొక వివరణతో బతుకుతుందన్న ఎరుక ఆమె కల్పనలో అడుగడుగునా కనిపించడం యాదృచ్ఛికం కాదనే అనుకోవాలి. కల్పిత పురాణం నమ్మదగినదిగా తోచేది అందులోని దేవుడి మహిమవల్ల కాదు, ఆ దేవుణ్ణి గురించి ఆ లోకవాసులకు ఏకాభిప్రాయం లేకపోవడంవల్ల.

2001 నాటి ది అదర్ విండ్ నవల ఈ సంయమాన్ని కొంత సడలించింది. మృతుల లోకమైన ఎండినేల నిజానికి డ్రాగన్లకు చెందవలసిన పడమటి దిక్కు నుంచి మానవులు దొంగిలించిన భాగమని అది వివరిస్తుంది; కథకు పరిష్కారం దొరికినా, చిక్కుముడులన్నీ విప్పిన చోట పురాణం కాస్త పలుచనైంది. ఆశ్చర్యమేమంటే, అదే ఏడాది వచ్చిన టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ కథాసంపుటికి అనుబంధంగా ఆమె ఎర్త్‌సీ చరిత్రకారుడి ధోరణిలో రాసిన వివరణ మళ్లీ పాత దారికే వెళ్లింది: సెగోయ్ పురుషుడో స్త్రీయో కూడా నిర్ణయించదు, డ్రాగన్లన్నీ లేదా కొన్ని డ్రాగన్లు లేదా కొందరు మనుషులు ఆ శక్తికి రూపాలన్న అభిప్రాయాలను పక్కపక్కన పెట్టి, ఏది సరైనదో చెప్పకుండా తర్వాతి విషయంలోకి సాగిపోతుంది.