పాట పెట్టడం కాదు, పాడండి!

జపాన్‌లో ఆన్‌సైట్‌కొచ్చిన మనవాళ్ళు కొందరు నన్నడిగే ప్రశ్న: “ఇక్కడి పిల్లల పాటలు పెడితే మావాడికి జపనీస్ వచ్చేస్తుందా?” ఒళ్ళు మండుతుంది నాకు!

ఎన్‌హెచ్‌కే టీవీలో 1959 నుంచి వస్తున్న పిల్లల కార్యక్రమం పేరే ‘ఒకాసాన్ తో ఇష్షో’, అంటే ‘అమ్మతో కలిసి’. పుల్లకి గుచ్చిన మూడు పిండి ఉండల్ని అన్నదమ్ముల్ని చేసిన ‘దంగో’ పాట అందులోదే. 1999లో దాని సీడీలు లక్షల్లో అమ్ముడుపోయాయి. అందులో పాఠం ఏముంది, నా బొంద! 2018లో వచ్చిన ‘పప్రికా’కైతే పిల్లలతో పాటు పెద్దలూ స్టెప్పులేశారు.

మనమేమో ట్యాబ్ చేతికిచ్చి కాల్‌లో దూరిపోతాం. ఆ ‘కలిసి’ అన్న ముక్క తీసేస్తే మిగిలేది ఒట్టి వీడియోనే కదండీ? గొంతు బాలేకపోయినా పర్లేదు, లేచి నాలుగు గంతులెయ్యండి. ఇంకో ఐదేళ్ళు పోతే బతిమాలినా వాడు మనతో ఆడడు.