పెద్ద చక్రం - కొత్త లెక్క

పిల్లలూ! గుడుపల్లె రాళ్ళబాటల్లో పాతకాలపు ఎద్దులబండికి అంత పెద్ద చక్రాలెందుకో తెలుసా? చక్రం పెద్దదైతే రాయినీ, గుంటనూ సులువుగా దాటుతుంది. అందుకే నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పే విడిది వ్యానులకు కొందరు పెద్ద టైర్లు వేయిస్తారు.

కాని ఒక చిక్కుంది. 70 సెంటీమీటర్ల అడ్డుకొలత గల చక్రం ఒక్క చుట్టుకు 220 సెంటీమీటర్లు పోతుంది. 77 సెంటీమీటర్లదైతే 242! వేగం చూపే ముల్లుకు చుట్ల లెక్కే తప్ప చక్రం మారిన సంగతి తెలియదు. అది 50 కిలోమీటర్లు చూపుతుంటే బండి 55తో పరుగెడుతుందన్నమాట. చిత్తూరు పోతూ మొగిలి ఘాటు దిగేటప్పుడు ఇది ప్రమాదమే. బరువైన చక్రాన్ని ఆపడానికి బ్రేకుకూ శ్రమ ఎక్కువ. కనుక టైరు మార్చినవారు మీటరునూ సరిచేయించాలి.

మరి మీ సైకిలు చక్రం ఒక్క చుట్టుకు ఎంత పోతుంది? కొలిచి చూడండి!