గృహరక్షణము: గోడకు క్రొత్తకోక

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు చెప్పిరి. కట్టిన యింటిని నిలుపుకొనుట అంతకంటెను కష్టమని అనుభవముగల గృహిణు లందఱు నెఱుగుదురు. ఈ మాసమున అమెరికాదేశమందలి న్యూజెర్సీ రాష్ట్రమునుండి యొక సోదరి వ్రాసిన లేఖ యీ సంగతినే మాకు జ్ఞప్తికి దెచ్చినది. ఆమె అడిగిన ప్రశ్న చిన్నది; దాని వెనుక నున్న విషయము పెద్దది. కావున ఈ నెల యీ పుటలను దానికే వినియోగించుచున్నాము.

ఆ దంపతులు గత సంవత్సరము 1956లో కట్టిన యొక కఱ్ఱయింటిని కొనిరి. వెలుపలి పలకలమీది రంగు పొరలు పొరలుగా ఊడిపోవుచున్నది. ఇరుగుపొరుగు ఇండ్లన్నియు వినైల్ సైడింగు తొడుగుకొని నిన్న కట్టినవానివలె మెఱయుచున్నవి. వేసవిలోగా తమ యింటికిని అట్టి తొడుగు వేయింపవలెనని ఆమె భర్తగారు నిశ్చయించిరి. వచ్చిన పనివాడు పాత పలకలను ఊడదీయ నక్కఱలేదనియు, వానిమీదనే క్రొత్తవి బిగించి వారము దినములలో ముగింతుననియు చెప్పెనట. "లేత పసుపు మేలా, ముదురు నీలము మేలా? తాము సెలవియ్యవలెను" అని ఆ సోదరి యడిగినది. లేఖ చివర నొక్క వాక్యము మాత్రము వేఱుగా నున్నది. వానలు కురిసినపుడు ఉత్తరపు గదిలో, కిటికీ క్రింద, ముక్కిన వాసన వచ్చుచున్నదట. ఆ గదిలోనే ఆమె రెండేండ్ల కుమారుడు పరుండునట.

సోదరీ! రంగుమాట తరువాత చెప్పెదము. ముందు ఆ వాసన మాట.

వినైల్ సైడింగనగా నేమో యెఱుగని పాఠకురాండ్రకై కొంత చెప్పుట యవసరము. మన తెలుగుదేశమున గోడలను ఇటుకతోను రాతితోను కట్టి, సున్నముగాని సిమెంటుగాని పూయుదుము. అమెరికాలో పెక్కిండ్లకు కఱ్ఱచట్రమే గోడ. ఆ చట్రమునకు వెలుపల చెక్కరేకులు బిగించి, వానిపై ఎండవానల కోర్చు తొడుగొకటి వేయుదురు. ఆ తొడుగే సైడింగు. పూర్వము కఱ్ఱపలకలను, ఆస్‌బెస్టాసు కలిసిన సిమెంటు పలకలను, పిమ్మట అల్యూమినియము రేకులను వాడిరి. 1950ల చివర వినైలు బయలుదేఱినది. మన యిండ్లలో నీటిగొట్టములకు వాడు పి.వి.సి.యే యిదియును. దానిని పలుచని పొడవైన పలకలుగా తీసి, ఒకదాని యంచు మఱొకదానిలో చిక్కునట్లు చేయుదురు. దానికి చెదపట్టదు, అది క్రుళ్లదు, కొన్నేండ్ల కొకమాఱు రంగువేయు బాధ లేదు, వెలయు మితము. కిటికీల చుట్టును, మూలలయందును, చూరుక్రిందను ఈ పలకల కొసలను ఇముడ్చుకొను పట్టీలను ట్రిమ్మందురు. అవి కోకకు అంచువంటివి.

మన తల్లులు పండుగలకు ముందు వెల్లవేయించుట నేర్పిరి గాని, ఈ తొడుగుల సంగతి వారెఱుగరు. కావున అక్కడి మన సోదరీమణులు పనివాని మాటనే వేదవాక్యముగా గైకొనుట సహజము. కాని వెల్లవేయించునపుడు ఆ తల్లులు చేసిన దొకటి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గోడ చెమ్మగిలి ఉప్పుపూచినచోట, నీరెక్కడనుండి వచ్చుచున్నదో ముందు చూచి, దానిని కట్టించి, గోడ గోకించి, ఆరనిచ్చి, పిమ్మటనే సున్నము పూయించెడివారు. చెమ్మగోడపై వేసిన వెల్ల నిలువదని వారికి తెలియును. దేశము మాఱినను, తొడుగు మాఱినను, ఈ నియమము మాఱదు.

ఏలయనగా వినైలు తొడుగు నీరు చొరని కవచము కాదు. తాటాకుచూరు వానను క్రిందికి జార్చునట్లు, అదియు పైబడిన నీటిలో చాలవఱకు జార్చును. గాలివానలో కొంతనీరు పలకల సందులనుండియు, కిటికీల యంచులనుండియు వెనుకకు పోవుట సహజమే. ఆ నీరు క్రిందికి దిగి, పలకల అడుగంచున నున్న చిన్న రంధ్రములద్వారా వెలికి పోవునట్లు ఏర్పఱుపబడినది. ఇంటిని నిజముగా కాపాడునవి మూడు: తొడుగు వెనుక గోడకు చుట్టిన, నీటిని ఆపి ఆవిరిని పోనిచ్చు గుడ్డవంటి పొర, కిటికీలపైనను, ద్వారములపైనను, కప్పు గోడను తాకుచోటను నీటిని వెలికి మళ్లించు లోహపు పట్టీలు, మూడవది, పొడిగా, గట్టిగా నున్న కఱ్ఱ. ఈ మూటిలో ఏది లోపించినను క్రొత్త తొడుగు ఆ లోపమును దాచునే గాని తీర్పజాలదు. పైన పటారము, లోన లొటారము!

ఒహాయో రాష్ట్రమున మేమెఱిగిన యొక కుటుంబమువా రిట్లే పాత పలకలమీద క్రొత్త తొడుగు వేయించిరి. వీధిని పోవువా రెల్లరు ఇల్లు చూచి మెచ్చుకొనిరి. మూడవ యేట కిటికీక్రింద లోపలిగోడ ఉబ్బినది. తొడుగు విప్పించి చూడగా, లోని చెక్క తడిసిన అటుకులవలె చేతికి వచ్చినది. కిటికీపైన లోహపుపట్టీ యే లేదు. ఏండ్లకొలది దిగుచుండిన నీరు తొడుగు వెనుక మఱింత మఱుగుపడినది, అంతే. ఒకమాఱు చేయవలసిన పనికి వారు రెండుమాఱులు ధనమిచ్చిరి. వాసన వచ్చుచున్నదని ఆ యింటి యిల్లాలు మొదటనే యనినదట. "పాత యిండ్లకు వాసన ఉండకపోవునా" అని అందఱు నవ్వి ఊరకుండిరట.

కావున ఆ సోదరి ముందుగా చేయవలసినది గోడపరీక్ష. కిటికీ క్రిందిమూలలను, మెట్లును అరుగును గోడను తాకుచోటులను, కప్పు గోడతో కలియుచోటులను, నేలకు దగ్గఱనున్న పలకలను చూడవలెను. సన్నని మొనగల పనిముట్టుతో నొక్కినపుడు కఱ్ఱ మెత్తగా దిగినచో అది క్రుళ్లినదే. వాన కురియుచుండగా బయట నిలిచి, చూరుకాలువలు పొర్లి గోడమీదికి నీరు వదలుచున్నవేమో కనిపెట్టవలెను. ఉత్తరపు కిటికీచుట్టు నున్న పలకలను మాత్రమైన విప్పించి, లోన చూచినగాని పనికి ఒప్పుకొనరాదు. క్రుళ్లిన చెక్కను మార్చి, తడిసినదానిని ఆరనిచ్చి, పొరయు పట్టీలును సరిగా వేయించిన పిమ్మటనే తొడుగు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి ఇంకొకటి కలదు. ఆ యిల్లు 1956 నాటిది. అమెరికాలో ఇండ్లకు వేయు రంగులలో సీసము వాడుటను 1978లో నిషేధించిరి. అంతకు పూర్వపు ఇంటి రంగులో సీసమున్నదనియే తలంచి మెలగుట క్షేమము. ఊడిపోవుచున్న ఆ రంగును గీకినను, పలకలను కోసినను లేచు ధూళి పసిబిడ్డలకు విషము. వారు నేలను ప్రాకి, చేతులు నోట పెట్టుకొందురు గదా! సీసము కొంచెమైనను ఎదుగుచున్న మెదడునకు హాని చేయును. అందుచేత, 1978కి ముందటి ఇండ్లలో రంగును కదల్చు పనులను కూలికి చేయువారు ఇందుకై శిక్షణపొంది ధ్రువపత్రము కలిగియుండవలెనని అక్కడి ప్రభుత్వము 2010నుండి నిర్బంధించినది. ఆ పత్రమును చూపుమని అడుగుటకు మన సోదరీమణులు మొగమాటపడరాదు. పని జరుగు దినములలో కిటికీలు మూసి, గోడప్రక్కన నేలపై ప్లాస్టికు పఱపించి, పిల్లవానిని ఆ దరికి పోనీయక, పని ముగిసిన వెంటనే పెచ్చులన్నియు ఎత్తింపవలెను. బిడ్డ రక్తమున సీసమున్నదో లేదో చిన్న పరీక్షవలన తెలియును. ఇప్పుడే వైద్యునిచే చేయించుట మంచిది. పాత తొడుగు ఆస్‌బెస్టాసు పలకలైనచో, పరీక్ష చేయింపక వానిని విఱుగగొట్టుటగాని కోయుటగాని కూడదు.

ఇక పని సాగునపుడు ఇంటిలోనివారు చూడదగినవి కొన్ని కలవు. వినైలు ఎండకు సాగి చలికి ముడుగును. పండ్రెండడుగుల పైచిలుకు పొడవుగల పలక వేసవికిని శీతకాలమునకును నడుమ అర అంగుళమువఱకు, ఒక్కొక్కప్పు డంతకు మించియు, మాఱును. కావున మేకులను బిగియగొట్టరాదు. మేకుతలకును పలకకును నడుమ అంగుళములో 32వ వంతు ఎడముండవలెను. మేకు రంధ్రమునకు సరిగా నడుమ పడవలెను. పలక కొసను పట్టీలోనికి చొనుపుచోట పావు అంగుళము, చలిదినములలో మఱికొంచెము, ఖాళీ విడువవలెను. బిగించిన పలకను చేతితో ప్రక్కకు త్రోసినచో కొంచెము జరుగవలెను. జరుగనిచో ఎండకాలమున అది అలలు తేలును. పలక ముఖముమీదినుండి మేకు దిగగొట్టుటయు, అడుగున నీరుపోవు రంధ్రములను జిగురుతో పూడ్చుటయు తప్పులే. పాత కిటికీచట్రములకు రేకుతొడుగు వేయుదుమన్నచో, లోనికఱ్ఱ గట్టిదో కాదో చూచిన పిమ్మటనే వేయింపవలెను. క్రుళ్లిన చెక్క బయటపడినచో దానిని మార్చుటకు ఎంత తీసికొందురో పని మొదలుకాకముందే కాగితముపై వ్రాయించుకొనుట వివేకము.

తొడుగు వేసిన పిదప దాని పోషణ సులువు. సబ్బునీటితో, మెత్తని కుంచెతో, క్రిందినుండి పైకి కడిగినచో చారలు పడవు. బూజు పట్టినచోట మూడుపాళ్లు వినెగరు, ఏడుపాళ్లు నీరు కలిపి తుడిచి, మంచినీటితో కడుగవలెను. యంత్రముతో నీటిని వడిగా క్రిందినుండి పైకి చిమ్మినచో అది పలకల వెనుకకు పోవును. సుమారు 160 డిగ్రీల ఫారెన్‌హీటు వేడికి వినైలు మెత్తబడును. బయట వంటచేయు బొగ్గుపొయ్యిలను, గ్యాసుపొయ్యిలను గోడకు దూరముగా నుంచవలెను. ఎదురింటి క్రొత్త అద్దములనుండి తిరిగివచ్చు ఎండయు ఒకప్పుడు పలకలను వంకరపుచ్చును. మిగిలిన ముక్కలను కాల్చరాదు. ఆ పొగలో ఘాటైన ఆమ్లవాయువుండును. మంచి పలకలు కొన్నిటిని మాత్రము అటుకపై దాచుకొనవలెను. పదేండ్లకు ఒకటి విఱిగినచో అదే రంగు అంగడిలో దొరకకపోవచ్చును.

ఇప్పుడు రంగుమాట. ముదురు రంగులు ఎండను ఎక్కువగా పీల్చి వేడెక్కును. వెలిసినచో ఆ వెలుపు వానియందే ఎక్కువగా తెలియును. కావున లేత పసుపే మేలని మా అభిప్రాయము. ఆ పేటలో గృహస్థుల సంఘమున్నచో, వారి నియమముల ననుసరించి ముందుగా అనుమతి పొందవలెను.

సోదరీ! రంగును గూర్చి తాము ఒక పుట నింపి వ్రాసితిరి. వాసనను గూర్చి ఒక్క వాక్యమే వ్రాసితిరి. అది చెప్పదగినంత సంగతి కాదని తమకు తోచియుండును. గోడలో నేమి జరుగుచున్నదో పనివాని కంటికంటె ముందు ఇంట మసలు ఇల్లాలి ముక్కునకు తెలియును. భర్తగారి యెదుట ఆ వాక్యమునే మొదట చెప్పుడు. వారు కోరునదియు బిడ్డ క్షేమమే గదా! వేసవి దాటి శరత్కాలమునకు పని జరిగినను కొఱత లేదు. ఉత్తరపు గోడ విప్పినపుడు లోన నేమి కనబడినదో మాకు వ్రాయుడు. ఇట్టి యిండ్లలో కాపురముండు మన సోదరీమణుల కది యుపయోగపడును.