ఫోనులో ఫిజిక్సు: గీత గీయనిదే తెలిసేదెలా?

భద్రాచలం: గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఈ లెక్క మన వైపు చదువురాని వారికీ తెలుసు. గంటగంటకూ నీటిమట్టాన్ని చుక్కలుగా పెట్టి కలిపితే అదే గ్రాఫు. గీత నిటారుగా లేస్తే నది జోరుగా పెరుగుతున్నట్టు. వాలు తగ్గినా గీత పైకే పోతుంటే వరద తీసినట్టు కాదు, పెరిగే వేగం మాత్రమే తగ్గినట్టు. 2022 జూలైలో నది 71.3 అడుగులకు వచ్చింది. అలాంటప్పుడు ఈ తేడా తెలియడం ప్రాణాలకు సంబంధించిన విషయం.

హైస్కూలు భౌతికశాస్త్రంలో చలనం పాఠం నేర్పేదీ ఇదే. ఖమ్మం నుంచి వచ్చే బస్సు కొత్తగూడెంలో పది నిమిషాలు ఆగితే దూరం-కాలం గ్రాఫులో గీత అడ్డంగా సాగాలి. పిల్లలు దాన్ని కిందికి దించేస్తుంటారు. గ్రాఫును రోడ్డు పటంలా చూడడం ఏ దేశంలోనైనా వున్న పొరపాటే. ఫోనులో వచ్చే హోంవర్కులో నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టమంటే ఈ పొరపాటు బయటపడదు. విద్యార్థి చేతనే గీత గీయించి, ఆ గీత ప్రకారం తెరపై బస్సును నడిపిస్తే వెంటనే తెలుస్తుంది. గీతను కిందికి దించితే బస్సు వెనక్కి పోతుంది మరి!

అయితే అడవి అంచు గూడేలలో సిగ్నలేది? ఇంటికొక ఫోనుంటే అది తండ్రితో పనికి పోతుంది. 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలైనప్పుడు పిల్లలు చూడగలిగారేగాని, టీవీపై గీయలేరు గదా.

నెట్ లేనిదే ఇది కుదరదనే మాట మాత్రం సరికాదు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి ‘ఫెట్’ ప్రయోగాలను ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానే నడుస్తాయి, తెలుగులోనూ వున్నాయి. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎం.ఐ.టి., టాటా ట్రస్టులు కలిసి 2015లో ప్రారంభించిన ‘క్లిక్స్’ పథకం మన రాష్ట్రంలోని ప్రభుత్వ హైస్కూళ్లలో పాఠశాల కంప్యూటర్లలోనే పాఠాలు పెట్టి నడిపింది.

పదవ తరగతి పరీక్షలో పెన్సిలే దిక్కని కొందరు అయ్యవార్ల అభ్యంతరం. న్యాయమే. ముందు కాగితంపై గీయించి, తరువాత తెరపై సరిచూపిస్తే రెండూ నెరవేరుతాయి. భద్రాచలం ఐ.టి.డి.ఎ. అధికారులు ఆశ్రమ పాఠశాలల కంప్యూటర్లలో ఈ ప్రయోగాలను వేయించి, సాయంత్రం స్టడీ అవర్‌లో గది తెరిపించాలి. అంతవరకు ఫోను హోంవర్కుకు మార్కులు వేయకుండా వుండడం మంచిది.