రోబోకు పల్నాటి మాట వినపడాలి

మూడు నెలల్లో మూడు రోబోలను చూసింది హైదరాబాద్. 2017 నవంబరు 28న హెచ్‌ఐసీసీలో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సులో బెంగళూరు సంస్థ ఇన్వెంటో తయారుచేసిన ‘మిత్ర’ చక్రాల మీద కదిలి వచ్చింది. ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్ దాని తెర మీద మీట నొక్కి సదస్సును ప్రారంభించారు. ఆ డిసెంబరు చివర్లో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర పోలీసు రోబోను జనం ముందు నిలబెట్టారు. ఫిబ్రవరిలో ఐటీ ప్రపంచ కాంగ్రెస్‌కు సోఫియా వచ్చింది. సౌదీ అరేబియా పౌరసత్వం ఇచ్చిన బొమ్మగా అప్పటికే పేరు మోసింది కదా, పత్రికలు దాన్ని సినిమా తారను రాసినట్టు రాశాయి.

మూడూ చూపరుల కోసం వచ్చినవే. ప్రారంభోత్సవం రోజు ఏ యంత్రమైనా ముద్దుగానే ఉంటుంది, దాని అసలు సంగతి రెండో నెలలో తేలుతుంది.

ఈ విషయం అమెరికాలో ఇరవై ఏళ్ల కిందటే తేలింది. అది కూడా ఒక తెలుగువాడు నిలబెట్టిన సంస్థలోనే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరయ్యారు. యంత్రం చేత మనిషి మాటను గుర్తుపట్టించడమే ఆయన జీవితకాల పరిశోధన. 1994లో ట్యూరింగ్ అవార్డు కూడా అందుకున్నారు. అదే విశ్వవిద్యాలయంలో 2003లో ‘వాలెరీ’ అనే రోబోను ఒక భవనం ప్రవేశద్వారం దగ్గర రిసెప్షనిస్టుగా కూర్చోబెట్టారు. నాటక విభాగం వాళ్లు దానికో జీవితకథ రాశారు. వచ్చేపోయేవాళ్లకు అది తన ఇంటి గొడవలు, ప్రేమ వ్యవహారాలు చెప్పుకునేది. జనం రోజూ పలకరించారు, నిజమే. కానీ తొలి రోజుల మోజు తీరాక అర నిమిషం మించి దాని దగ్గర ఆగినవాళ్లు కొద్దిమందే. ఇంకో విచిత్రం, వాలెరీతో మాట్లాడాలంటే కీబోర్డు మీద టైపు చేయాలి. రద్దీగా ఉండే చోట, ఎవరెవరో వచ్చి ఎలాగెలాగో మాట్లాడితే అర్థం చేసుకునే చెవి ఆనాటికి తయారు కాలేదు.

మనుషుల వైపు నుంచి మాత్రం లోటేమీ లేదు. స్టాన్‌ఫర్డ్‌లో క్లిఫర్డ్ నాస్ బృందం ఒక ప్రయోగం చేసింది. కంప్యూటర్ పనితీరు ఎలా ఉందని ఆ కంప్యూటరే అడిగితే జనం మెచ్చుకున్నారు. అదే ప్రశ్న పక్క కంప్యూటర్ మీద అడిగితే అంతగా మెచ్చుకోలేదు. అంటే యంత్రం దగ్గరా మొహమాటమే! పల్నాడు జిల్లా సత్తెనపల్లిలో దసరా నాడు ట్రాక్టరుకు పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించే రైతుకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ ట్రాక్టరు తిరిగి మాట్లాడదు. మాట్లాడే బొమ్మ ఇంట్లోకి వస్తే ఏమవుతుందో దక్షిణ కొరియా చూస్తోంది. అక్కడ స్థానిక ప్రభుత్వాలు ఒంటరి వృద్ధులకు ‘హ్యోడాల్’ అనే మెత్తటి బొమ్మల్ని వేల సంఖ్యలో పంచాయి. ఏడేళ్ల మనవడో మనవరాలో అన్నట్టుండే ఆ బొమ్మ మందుల వేళ గుర్తుచేస్తుంది, ముద్దుముద్దుగా మాట్లాడుతుంది, ఇంట్లో చాలాసేపు అలికిడి లేకపోతే బాధ్యులకు కబురు పంపుతుంది. దానికి బట్టలు మార్చి, పక్కన పడుకోబెట్టుకునే అవ్వలు ఉన్నారు. ఇది చూసి నవ్వనూ అక్కర్లేదు, మురిసిపోనూ అక్కర్లేదు. ఆ అవ్వలకు అది బొమ్మని తెలుసు. పలకరింపు దొరుకుతోందనీ తెలుసు.

పల్నాడు జిల్లాలో అలాంటి ఇళ్లకు కొదవా? కొడుకు హైదరాబాద్‌లో, కూతురు డాలస్‌లో, తల్లిదండ్రులు సత్తెనపల్లిలో. చుట్టుపక్కల ఊళ్లలోనైతే పిల్లలు దగ్గరున్నా మిరప కోతల కాలంలో పొద్దున్నే ఇంటిల్లిపాదీ చేలోకి పోతారు. ఇంట్లో మంచాన ఉన్న ముసలామె సాయంత్రం దాకా ఒంటరిదే. కాబట్టి ఇక్కడ రోబో అక్కర్లేదని కొట్టిపారేయడం తొందరపాటు. వేదికల మీదకంటే ఇలాంటి ఇళ్లలోనే దానితో పని ఉంది.

అయితే ముందు దాని చెవి సంగతి చూడాలి. ‘బిళ్ల ఏసుకున్నావా’ అంటే ‘మాపటేళ ఏసుకుంటాలే అబ్బయ్యా’ అనే మనిషితో దానికి వ్యవహారం. టీవీ వార్తల తెలుగు మాత్రమే నేర్చుకున్న యంత్రం ఆ జవాబు దగ్గర తెల్లమొహం వేస్తుంది. పైగా ఈ ప్రాంతపు పెద్దవాళ్లకు తమను గుర్తుపట్టని యంత్రంతో ఇప్పటికే పరిచయం ఉంది. ఏళ్ల తరబడి మిరపకాయలు కోసి, పత్తి తీసి అరిగిన వేళ్లను పింఛను దగ్గరా రేషను దగ్గరా స్కానర్ మీద మళ్లీమళ్లీ నొక్కి, ‘ముద్ర పడట్లేదమ్మా’ అనిపించుకున్నవాళ్లు వాళ్లు. కన్నబిడ్డ గొంతుతో మాట్లాడే యంత్రం కూడా ‘అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి’ అంటూ కూర్చుంటే, మూడో రోజున దాని మీద తువ్వాలు కప్పేస్తారు. తప్పు వాళ్లది కాదు.

చెవి బాగా పనిచేస్తే వేరే ప్రశ్న లేస్తుంది. విన్నదంతా ఎక్కడికి పోతుంది? కోడలి మీద చెప్పుకున్న చాడీ, పొలం తగాదా, దాచుకున్న డబ్బు సంగతి, ఒంటరి మనిషి మాట్లాడేవి ఇవే. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. చదువురాని అవ్వ అందులో చెప్పిన సమ్మతిని ఏ తెర మీద చదివి ఇస్తుంది? ఆమె తరఫున డాలస్‌లోని కూతురు ఫోనులో ‘ఓకే’ నొక్కేస్తే అది ఆమె సమ్మతి అవుతుందా?

ఇంకొకటి, కంపెనీ ఆయుష్షు. అమెరికాలో జిబో అనే బల్లమీది రోబో తన సర్వర్లు ఆగిపోతున్నాయని 2019లో యజమానులకు తన నోటితోనే చెప్పుకుంది. పిల్లల కోసం 799 డాలర్లకు అమ్మిన ‘మాక్సీ’ని తయారుచేసిన సంస్థ 2024 డిసెంబరులో మూతపడింది. ఆ నేస్తం ఇక పలకదని పిల్లలకు సర్దిచెప్పడం తల్లిదండ్రుల వంతైంది. ఎనభై ఏళ్ల మనిషికి ఎవరు సర్దిచెప్పాలి?

రోబోల కోసం 2023లో తెలంగాణ దేశంలోనే తొలి విధానం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరిలో వాట్సప్ సేవలకు ‘మన మిత్ర’ అని పేరు పెట్టుకుంది. మిత్రులు పెరుగుతున్నారు, మంచిదే. ఈసారి కొత్త రోబోను సదస్సు వేదిక ఎక్కించే ముందు సత్తెనపల్లి మండలంలో పది ఇళ్లలో, మిరప నారు పోసిన నాటి నుంచి ఆఖరి కోత దాకా ఉంచి చూడాలి. అది మాట ఎంత అర్థం చేసుకుందో, ఎన్నిసార్లు విసిగించిందో, ఎవరు ఎప్పుడు కట్టేశారో ఊరి ఆశా కార్యకర్త చేత రాయించాలి, ఆ పనికి ఆమెకు వేరుగా డబ్బివ్వాలి. కంపెనీ మూతపడినా ఎన్నేళ్లు పనిచేయిస్తారో అమ్మకం కాగితం మీదే తెలుగులో రాయాలి. ఆ లెక్కలు చూశాక ప్రభుత్వం కొంటుందో, కొడుకులే కొంటారో తేల్చుకోవచ్చు.