పాత జీపును ఛాసిస్ పేరుతోనే అమ్మాలి

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం సంచికలో పాత జీపుల మీద వచ్చిన వ్యాసం ఒకటికి రెండుసార్లు చదివాను. ఈ బండ్ల మీదికి కుర్రవాళ్ల మనసు మళ్లుతున్నందుకు నాకూ సంతోషమే. కాని అర పేజీ మేర వేసిన ఆ పెద్ద ఫొటో కింద ‘1944 విల్లీస్’ అని రాశారు. అక్కడే నా అభ్యంతరం. ముందు గ్రిల్లుకు తొమ్మిది నిలువు చీలికలు ఉన్న మాట నిజమే. అయితే ఆ బండికి వెనక కిందికి దించే తలుపుంది. హెడ్‌లైట్లు ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీకి వెనక తలుపు ఉండదు, అది మూసిన రేకు. దాని దీపాలు గ్రిల్లు వెనక లోపలికి కూర్చుని ఉంటాయి. చీకట్లో ఇంజను పని చేసుకోవలసి వస్తే వెనక్కి తిప్పుకునేలా వాటిని బిగించారు. ఫొటోలో ఉన్నది మహీంద్రా బండి. దానికి తొమ్మిది చీలికల గ్రిల్లు తగిలించారు, అంతే.

ఇది చాదస్తం అనుకోకండి. ఆ ఒక్క మాట మీదే బండి ధర ఎక్కడికో పోతోంది. ఆ మాట నమ్మి అప్పు తెచ్చి కొంటున్న పిల్లలను నా షెడ్డులో చూస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. జీపును ఏ పేరుతో అమ్మినా ఆ పేరు ఛాసిస్‌ది కావాలి, పైనున్న రేకుది కాదు. ఆ ఛాసిస్ మీద ఏమేం మార్చారో ఆర్‌సీలోనూ ఉండాలి, అమ్మకం ప్రకటనలోనూ ఉండాలి.

మన దగ్గర ఈ గందరగోళం ఎందుకు వచ్చిందో చెప్పాలి. విల్లీస్ ఎంబీలు, అదే నమూనాలో ఫోర్డ్ కంపెనీ చేసిన జీపీడబ్ల్యూలు 1941 నుంచి 1945 దాకా తయారయ్యాయి. యుద్ధం అయిపోయాక వాటిలో కొన్ని ఇక్కడే ఉండిపోయాయి. మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో విల్లీస్ భాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. 1953లో అమెరికాలో వచ్చిన సీజే 3బీ నమూనా అక్కడ 1968లో ఆగిపోయినా మన దేశంలో ఆ తర్వాత కూడా తయారవుతూనే వచ్చింది. మనవాళ్లు ‘హై బోనెట్’ అనే బండి అదే. దాని బోనెట్ ఎత్తుగా ఉండడానికి కారణం కింద ఉన్న ఇంజను. ఎంబీలో ఉన్న 60 హార్స్‌పవర్ గో డెవిల్ ఇంజనుకు వాల్వులన్నీ పక్కన బ్లాకులోనే ఉంటాయి కాబట్టి అది పొట్టిది. తర్వాత వచ్చిన హరికేన్ ఇంజనుకు ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులోకి వెళ్లాయి, ఇంజను ఎత్తు పెరిగింది, బోనెట్టూ పెరిగింది.

అందుకే హై బోనెట్ ఛాసిస్ నంబరున్న బండి ‘లో బోనెట్’ వేషంలో కనిపిస్తే మొదట అడగవలసింది రంగు గురించి కాదు, లోపల ఏ ఇంజను ఉందని. ఎంబీకి, సీజే 3బీకి ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి దూరం 80 అంగుళాలే. కాబట్టి రేకు మారిస్తే పైకి తేడా తెలియదు. 1980లలో వచ్చిన ఎంఎం 540 లాంటి బండ్లకు ఆ దూరం 91 అంగుళాలు. వాటి ఛాసిస్‌ను కోసి, పొట్టి చేసి, అతికించి అమ్మేవాళ్లూ ఉన్నారు. టేపు పట్టుకుని రెండు పక్కలా కొలవండి. ఎడమకూ కుడికీ కొలత తేడా వచ్చినా, ఆర్‌సీలో ఉన్న మోడల్‌కు ఆ కొలత సరిపోకపోయినా బండి కిందికి దూరి చూడవలసిందే.

అసలు పని అక్కడే ఉంది. కొనబోయేవాళ్లు బండి చుట్టూ తిరిగి టైర్లు తన్నుతారు, స్టార్ట్ చేసి సౌండు వింటారు, ఫొటో దిగుతారు. కిందికి దూరేవాడు నూటికి ఒకడు. ఆర్‌సీలో రాసిన నంబరు ఛాసిస్ మీద ఎక్కడుందో చూపించమనండి. అక్కడ గ్రీజు మురికి ఉంటే కిరోసిన్ గుడ్డతో తుడిచి, టార్చి పక్కవాటుగా పట్టండి. పంచ్ కొట్టిన అంకెల లోతు సమానంగా ఉందా, చుట్టూ గ్రైండర్ గీతలు ఉన్నాయా, ఆ జానెడు మేర మాత్రమే కొత్త రంగు దట్టంగా వేశారా అన్నది ఆ ఏటవాలు వెలుగులో బయటపడుతుంది. ఎంబీ విషయంలో ఇంకో చిక్కుంది. దాని నంబరు ఛాసిస్ పట్టీ మీద పంచ్ కొట్టి ఉండదు. ఎడమ పట్టీ లోపలి వైపు, బంపర్ వెనకాల, రివెట్లు కొట్టిన చిన్న రేకు మీద ఉంటుంది. ఫోర్డుకైతే ఎడమ పట్టీ పైభాగంలోనే పంచ్ ఉంటుంది. రేకు అన్నాక ఒక బండి నుంచి ఊడదీసి ఇంకో బండికి కొట్టవచ్చు, కొత్తది చేయించనూ వచ్చు. కాబట్టి ఆ రేకు చూసి డబ్బు ఇవ్వకూడదు. గ్రిల్లు కింద రెండు పట్టీలనూ కలిపే అడ్డ కడ్డీని చూడండి. అది గుండ్రటి గొట్టమైతే విల్లీస్, బోర్లించిన పెట్టెలా ఉంటే ఫోర్డు. ఫోర్డు బండి బోల్టుల తలల మీద ఇంగ్లీషు ‘ఎఫ్’ అక్షరం కూడా ఉంటుంది. గ్రిల్లు మార్చినవాడు ఇన్ని బోల్టులు మార్చడు.

ఈ మధ్య ఒక కుర్రాడు బండి తెచ్చి, “బాబాయ్, ఒరిజినల్ విల్లీస్ అన్నారు, ఒకసారి చూడు” అన్నాడు. ఆర్‌సీలో ఇంధనం పెట్రోలు అని ఉంది. తాళం తిప్పగానే డీజిల్ ఇంజను మోత. ఛాసిస్ హై బోనెట్ మహీంద్రాది, ఫ్లోరు రేకంతా కొత్తది, పక్కల మీద పుట్టీ వేలు మందాన ఉంది. బండి చెడ్డదేమీ కాదు. మంచి మేస్త్రీ చేతి పనే. “విల్లీస్ కాదు గాని నడిచే బండిరా” అంటే వాడి ముఖం పాలిపోయింది. విల్లీస్ ధర పెట్టాడు మరి. అమ్మినవాడు ఉన్నమాట చెప్పి ఉంటే అదే బండిని సగం ధరకు సంతోషంగా కొనుక్కునేవాడు.

జీపులో మార్పులు చేయడమే తప్పని నేను అనను. పెట్రోలు బండిని మేపలేక డీజిల్ ఇంజను ఎక్కించుకున్న రైతులున్నారు. ఏజెన్సీ ఘాట్‌లలో జనాన్ని ఎక్కించుకుని తిరిగిన జీపుల్లో ఏ భాగం ఏ బండిదో చెప్పలేం. బతుకుతెరువు కోసం చేసుకున్న ఆ మార్పులూ ఆ బండి చరిత్రే, వాటి మీద నాకు గౌరవముంది. నాకు భయమల్లా ఇప్పటి సోకు మార్పులంటే. ఆ పాత జీపులకు బ్రేకు డ్రమ్ములు 9 అంగుళాలవి. మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాలకూ ఒకే లైను. ఎక్కడ ఒక పైపు పగిలినా పెడల్ నేలకు తగులుతుంది. 60 హార్స్‌పవర్‌కు, మూడు గేర్లకు లెక్కగట్టి చేసిన ఏర్పాటది. దాని మీద టర్బో డీజిల్ ఇంజను, నడుమెత్తు టైర్లు ఎక్కించి బ్రేకులు, స్టీరింగ్ బాక్సు పాతవే ఉంచితే అది ప్రాణం మీదికి వస్తుంది. కొనేటప్పుడు ఇంజను ఏది వేశారని అందరూ అడుగుతారు. ఇంజనుతో పాటు బ్రేకులేం మార్చారని అడగండి. జవాబు లేకపోతే ఆ బండి వదిలేయండి.

చట్టం గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. యజమాని అంటే కొన్నవాడే. మార్చి అమ్మినవాడు అప్పటికి ఊళ్లో ఉండడు. హర్యానాలోని మండీ డబ్వాలీ లాంటి చోట కట్టించిన జీపులు లారీల మీద ఇక్కడికి వస్తున్నాయి. వాటికి ఎన్ఓసీ ఉందా, సైన్యం వేలంలోదైతే వేలం కాగితం ఉందా అన్నది డబ్బు ఇవ్వకముందు చూసుకోవాలి.

‘వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు సార్’ అని బ్రోకర్లు చెప్పే మాట ఇంకా పెద్ద మోసం. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్లు దాటడం ఒక్కటే చాలదు. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. 20,000 రూపాయలు కట్టి ‘వీఏ’ నంబరు తీసుకున్నా అది ర్యాలీలకు, ప్రదర్శనలకు, రిపేరుకు తీసుకుపోవడానికే. రోజూ తిరగడానికి కాదు. మార్చిన జీపుకు ఆ తలుపు మూసే ఉంది.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలను నేను కోరేది ఇది. పాత జీపు యజమాని మారినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నంబరు అచ్చు తీసుకుని సరిపెట్టకూడదు. ఇంజను ఏది, ఇంధనం ఏది, చక్రాల మధ్య దూరం ఎంత అన్నది కొలిచి ఆర్‌సీతో సరిపోల్చాలి. అనుమతించదగ్గ మార్పయితే రాసి ఇవ్వాలి, కాకపోతే అక్కడే ఆపాలి. బండి కొన్న కుర్రాడు రోడ్డు మీద పోలీసు చేతిలో ఆ సంగతి తెలుసుకోవలసిన అవసరం ఏముంది?

మీకూ ఒక విన్నపం. మీ వర్గీకృత ప్రకటనల పేజీలో ‘ఒరిజినల్ విల్లీస్, ఫుల్ కండిషన్’ అని వారం వారం పడుతున్నాయి. ఇకనుంచి పాత జీపు ప్రకటన తీసుకునేటప్పుడు ఛాసిస్ ఏ కంపెనీది, ఆర్‌సీలో ఉన్న ఏడాది ఏది, ఇప్పుడు బండిలో ఉన్న ఇంజను ఏది, అది ఆర్‌సీలో ఎక్కిందా లేదా అన్నవి రాయించుకోండి. రాయనన్నవాడి ప్రకటన వేయకండి. ఆ 1944 విల్లీస్ ఫొటోకు కూడా వచ్చే సంచికలో సవరణ వేస్తారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక జీపు మేస్త్రీ,
ఆటోనగర్, విజయవాడ