పాత ప్రింటర్‌ను స్టోర్ రూములో పడేసే ముందు

కొత్త కంప్యూటర్ వచ్చిందంటే ఆఫీసు గదిలో పాత ప్రింటర్‌కు రోజులు దగ్గరపడ్డట్టే. కేబుల్ తగిలిస్తారు, కంప్యూటర్ గుర్తుపట్టదు, "ఇది పాతదైపోయింది, ఇక పనికిరాదు" అని ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు. ఇది తొందరపాటు తీర్పని నా అభిప్రాయం. రోలర్లు తిరుగుతున్నాయి, టోనర్ ఉంది, బటన్ నొక్కితే టెస్ట్ పేజీ వస్తోంది. మరి చెడిపోయింది ఏమిటి?

మిత్రులారా, ప్రింటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య దుబాసీ పని చేసేది డ్రైవర్ అనే ప్రోగ్రామ్. 32 బిట్ విండోస్ కోసం రాసిన డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో పని చేయదు. 2021లో వచ్చిన విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. పాత మోడల్‌కు కంపెనీ కొత్త డ్రైవర్ రాయకపోతే బాగున్న యంత్రం కూడా మూలన పడుతుంది. రాయాలని వాళ్లకేం తొందర? కొత్తది కొంటే వాళ్లకే లాభం కదా!

అయినా దారులున్నాయి. పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ లాంటి భాష తెలిసిన ప్రింటరైతే, అదే భాషలో మాట్లాడే వేరే మోడల్ డ్రైవర్‌తోనూ చాలాసార్లు పని చేస్తుంది. డాట్ మ్యాట్రిక్స్‌కైతే విండోస్‌లోనే 'జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ' అనే డ్రైవర్ ఉంది. దానితో ఇంగ్లీషు లిస్టులు తీసుకోవచ్చు గానీ తెలుగు నోటీసు రాదు. తెలుగుకు అక్షరాలను బొమ్మలుగా పంపే డ్రైవర్ కావాలి. అసలు చిక్కంతా చౌక లేజర్ ప్రింటర్లతోనే. వాటిలో చాలావాటికి సొంత భాష ఉండదు, పనంతా కంప్యూటరే చేసిపెట్టాలి. అలాంటి కొన్నిటికి కూడా లినక్స్ వాడేవాళ్లు తామే డ్రైవర్లు రాసుకున్నారు. పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, ప్రింటర్ దానికి తగిలించి, కొత్త కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ మీద ప్రింట్ పంపవచ్చు.

ఇది మన ఒక్కరి గొడవ కాదు. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలలో పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్‌కు ఒక లేజర్ ప్రింటర్ ప్రోగ్రామ్ సోర్స్ కోడ్ ఇవ్వడానికి నిరాకరించారు. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన ఆయన, ఆ సంగతిని ఇప్పటికీ చెబుతుంటారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, స్కాలర్‌షిప్ ఫారం, హాల్ టికెట్, ప్రాజెక్టు రిపోర్టు... ప్రతిదానికీ తమ్ముళ్లు బజారులోని నెట్ సెంటర్‌కు పరుగెత్తుతున్నారు. కాస్మెటిక్ ఛార్జీల్లోంచి మిగిల్చిన రూపాయలు అక్కడ కాగితాలవుతున్నాయి. ఆఫీసులో ప్రింటర్ ఉండి కూడా ఇలా జరగడం నాకు నచ్చలేదు.

వార్డెన్ గారికి నా విన్నపం. కొత్త ప్రింటర్ కొనేటప్పుడు ధరతో పాటు అది పీసీఎల్ గానీ, పోస్ట్‌స్క్రిప్ట్ గానీ అర్థం చేసుకుంటుందా అని కూడా షాపువాణ్ని అడగండి. పాతదాన్ని తీసేసే ముందు బీఎస్సీ కంప్యూటర్స్ తమ్ముళ్లకు ఒక ఆదివారం, ఆఫీసు తాళం ఇవ్వండి. సాయంత్రానికి ఒక్క పేజీ కూడా రాకపోతే అప్పుడు పనికిరాని సామాను జాబితాలో రాయండి.